కోడి తినని ఐదుగురు

కడుపు సంగతి ముందు

తగవులో కూర్చోబోయే ముందు మీ ఇంట్లో మీరు అన్నం తిని వెళ్ళండి. ఇంత చిన్న మాట ఎవరూ చెప్పరు. ఆకలితో ఉన్న పెద్దమనిషికి ముందు మాట్లాడినవాడు నిజాయితీపరుడుగా కనిపిస్తాడు, తర్వాత మాట్లాడేవాడు భోజనానికి అడ్డుపడేవాడుగా కనిపిస్తాడు. రెండో సంగతి, తగవు పడ్డ ఇంట్లో ఏమీ పుచ్చుకోకండి. మజ్జిగ కూడా వద్దు. చల్లటి మజ్జిగ తాగిన నోటితో ఆ ఇంటివాళ్ళని గట్టిగా ఒక మాట అనడం ఎవరి వల్లా కాదు.

నేను మిరపకోతల ముఠాకి మేస్త్రిని. నా చదువు మూడో తరగతి, అదీ పూర్తి కాలేదు. మోకాళ్ళు మాట విన్నంత కాలం ఆడవాళ్ళని పొద్దున్నే లేపి చేలకి తోలుకెళ్ళడం, కోయించడం, కళ్ళంలో తాలుకాయలు ఏరించడం, సాయంత్రం మంచు పడకముందే కుప్పల మీద పట్టాలు కప్పించడం నా పని. దాంతోపాటు ఇంకో పని నా నెత్తిన పడింది. ఊళ్ళో తగవు వస్తే తీర్పు చెప్పే ఐదుగురిలో ఒకదాన్నిగా కూర్చోవడం. దీనికి కూలి లేదు, సెలవు లేదు, పైగా తీర్పు నచ్చనివాళ్ళు మన గుమ్మం ముందే ఉమ్మేసి పోతారు. ఇప్పుడు మీ వయసు ఆడపిల్లల్ని కూడా కూర్చోబెడుతున్నారు గనక రాస్తున్నాను. మా మనవరాలు తప్పులు దిద్దుతానంది. అక్షరాలు దిద్దుకో, మాటల జోలికి రావద్దని చెప్పాను.

పంటి నొప్పి మొహం

నేను మొదట కూర్చున్నది వెంకటప్పయ్య గారి పెద్దరికం కింద. పెద్ద రైతు. మా ముఠా ఎక్కువగా ఆయన చేలోనే కోసేది. తగవులన్నీ ఆయన అరుగు మీదే జరిగేవి. ఆడకూలీల గొడవ వస్తే ఒక ఆడమనిషి కూడా ఉండాలని నన్ను పిలిపించాడు. ఉండాలన్నాడు గానీ మాట్లాడాలని అనలేదు.

ఆయన పద్ధతి ఎలా ఉండేదంటే, కూర్చోగానే ఆకు వక్క నోట్లో వేసుకునేవాడు. అది నమిలి ఉమ్మేసేలోపు తీర్పు అయిపోవాలి. ఉమ్మేసిన తర్వాత దేవదూత వచ్చి సాక్ష్యం చెప్పినా వినేవాడు కాదు. మనిషి మంచివాడే. ఆయన చెప్పిన తీర్పులు చాలాసార్లు సరిగ్గానే ఉండేవి. చిక్కంతా అక్కడే ఉంది. చాలాసార్లు సరిగ్గా చెప్పే మనిషిని, ఈసారి కూడా సరిగ్గానే చెప్పారా అని ఎవరూ అడగరు.

నేను ఒకసారి అడిగాను. అవతలి మనిషి మాట మనం వినలేదు కదండీ అన్నాను. ‘వాడి మొహం చూశావుగా రూతమ్మా, ఇంకా వినేదేముంది’ అన్నాడు. చూశాను. ఆ మనిషికి పంటి నొప్పి. చెంప ఇంత వాచి ఉంది. దాన్ని ఆయన తప్పు చేసినవాడి మొహం అనుకున్నాడు.

కాబట్టి మొహాలు చూడకండి. మొహాలు ఎద్దుల సంతలో చూసుకోవచ్చు. అక్కడ కూడా నోరు తెరిచి పళ్ళు చూస్తారు.

ఏడ్చినవాడిది గెలుపు

ఎద్దు అంటే గుర్తొచ్చింది. వెంకటప్పయ్య గారు మంచాన పడ్డాక అరుగు మారింది, మనుషులు మారారు, నేను మిగిలాను. అప్పుడొక ఎద్దు తగవు వచ్చింది. అమ్మినవాడు మంచి ఎద్దునే ఇచ్చానన్నాడు. కొన్నవాడు కుంటి ఎద్దుని అంటగట్టాడన్నాడు. అమ్మినవాడు చెబుతూ చెబుతూ భోరున ఏడ్చాడు. కొన్నవాడు రాయిలా నిలబడ్డాడు. మేం ఐదుగురం ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, ఇంత ఏడుస్తున్నవాడు అబద్ధం ఎందుకు చెబుతాడని అతని పక్షమే చెప్పాం.

కొన్నాళ్ళకి ఆ మనిషిని మంగళగిరిలో ఒక పెళ్ళిలో చూశాను. పెళ్ళికూతురు ఎవరో అతనికి తెలీదు, మగపెళ్ళివారి తరఫున వచ్చాడు. అయినా ఆడపెళ్ళివారికంటే ఎక్కువ ఏడుస్తున్నాడు. మా ఊళ్ళో అద్దె టీవీ తెచ్చి సినిమా వేస్తే ఇంకా పేర్లు పడుతుండగానే మొదలుపెట్టాడు. ఎద్దు మాత్రం కుంటిదే. అది ఇప్పటికీ మా ఐదుగురి లెక్కలోనే నడుస్తోంది.

మాస్టారి జ్యూరీ

మా ఊళ్ళో సీతారామయ్య మాస్టారని ఎలిమెంటరీ బడిలో చేసి రిటైరైన పెద్దాయన ఉండేవారు. ఆయన పడుచువాడుగా ఉన్నప్పుడు గుంటూరు కోర్టులో ఒక్కసారి జ్యూరీలో కూర్చున్నారట. అంటే జడ్జిగారు తీర్పు చెప్పే ముందు మామూలు మనుషుల్ని కొందరిని పిలిచి, అంతా వినిపించి, ఇతను తప్పు చేశాడా లేదా మీరే చెప్పండని అడిగేవారట. తర్వాత ఆ పద్ధతి తీసేశారు. తీసేసిన సంగతి మాస్టారు మనసుకి మాత్రం ఎక్కలేదు.

ఆ కథ మేమంతా విన్నాం. మొదట విన్నప్పుడు అది కన్నపు దొంగతనం. కొన్నేళ్ళకి దొంగ చేతిలోకి కత్తి వచ్చింది. మండలాలు వచ్చేనాటికి దొంగలు ముఠా అయ్యారు, వాళ్ళకి గుర్రాలు కూడా వచ్చాయి. కథ పెరిగినా మాస్టారు చెప్పే నియమాలు పెరగలేదు, తరగలేదు. తగవుతో లాభం గానీ నష్టం గానీ ఉన్నవాడు జ్యూరీలో కూర్చోకూడదు. నింద వేసినవాళ్ళు నిందపడ్డవాళ్ళ ఎదుటే మాట్లాడాలి. విన్న తర్వాత తలుపు వేసుకుని, అందరూ ఒక మాట మీదికి వచ్చాకే బయటికి రావాలి.

మరి అంత మంచి పద్ధతిని ఎందుకు తీసేశారండీ అని అడిగాను. జ్యూరీవాళ్ళు జాలికి లొంగుతారని, కులానికి లొంగుతారని, చేయి తడిపితే లొంగుతారని తీసేశారమ్మా అన్నారు. నాకు ఎద్దు తగవు గుర్తొచ్చింది.

కోత పండుగ

ఇక అసలు సంగతికి వస్తాను. సమితులు పోయి మండలాలు వచ్చిన కొత్తల్లో జరిగింది.

మా చర్చిలో ఏటా కోత పండుగ చేస్తాం. ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెడతారు. మిరపకాయలు, పత్తి, గుమ్మడికాయలు, కోళ్ళు, గుడ్లు. ఆరాధన అయ్యాక బయట వేలం వేస్తారు. ఆ వేలంలో కోడి ధర కోడిని బట్టి ఉండదు, పక్కన ఎవరు పాడుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ ఏడు పిండిమర ప్రకాశం పంతానికి పోయి కోళ్ళన్నీ పాడుకున్నాడు, ఒక పొట్టేలుని కూడా పాడుకున్నాడు. మర్నాడు వాటన్నిటినీ కోయించి సంఘం మొత్తానికీ తన పెరట్లో భోజనం పెట్టాడు. ఊరి పెద్దలు కూడా వచ్చి తిన్నారు.

నేను వెళ్ళలేదు. ఒకరింట తింటే వాళ్ళని మనింటికి పిలవాలి. ప్రకాశానికి ఆరుగురు పిల్లలు, అందరూ బాగా తినేవాళ్ళే.

ఆ సాయంత్రం మా సంఘం మనిషే, సుగుణమ్మ, కనపడని తన కోడిని వెతుక్కుంటూ ప్రకాశం ఇంటి వెనక పెంటకుప్ప దగ్గరికి వెళ్ళింది. అక్కడ చుక్కల ఈకలు కనిపించాయి. వాటి పక్కన కోడికాలు కనిపించింది. ఆ కాలికి చిటికెన వేలి గోరు కత్తిరించి ఉంది. మా ఊళ్ళో ఎవరి కోడికి వాళ్ళు చిన్నప్పుడే ఒక గోరు కత్తిరించి గుర్తు పెట్టుకుంటారు. ఆ గోరు సుగుణమ్మ గుర్తు. ఆమె చుక్కల పెట్ట పండుగ నుంచి కనిపించడం లేదు. పండుగ రోజున చుక్కల పెట్టని చంకలో పెట్టుకుని తెచ్చి దేవుడి ముందు వదిలింది శాంతమ్మ. అందరూ చూశారు.

సుగుణమ్మ ఆ కాలు పట్టుకుని వీధి వీధీ తిరిగింది. దేవుడికి దొంగకోడిని పెట్టిందని ఇంటింటికీ చెప్పింది.

శాంతమ్మ మా బాలవాడిలో ఆయా. పిల్లలకి ఉప్మా వండి పెట్టేది, రవ్వ ఉండే గది తాళం ఆమె దగ్గరే ఉండేది. భర్తకి పత్తికి మందు కొట్టీ కొట్టీ చూపు మందగించింది. ఇల్లు నడిచేది ఆమె జీతం మీదే. కోడిని ఎత్తుకుపోయిన చెయ్యి పిల్లల రవ్వని వదులుతుందా అని తల్లులు అనుకున్నారు. ఒక్కొక్కరే పిల్లల్ని పంపడం మానేశారు. అసలు దొంగకోడిని తిన్నవాళ్ళ కన్నా వీళ్ళ గోలే ఎక్కువైంది. మండలం నుంచి పెద్దమేడమ్ తనిఖీకి రాబోతోంది. పిల్లలు లేని బాలవాడికి ఆయా ఎందుకని ఆమె ఒక్క మాట రాస్తే చాలు. అదీ శాంతమ్మ పరిస్థితి.

తిన్నవాళ్ళు లేచిపోండి

పాస్టరు అయ్యగారు సంఘ పెద్దల్ని పిలిచారు. పెద్దలందరూ ఆ భోజనం తిన్నవాళ్ళే. ఇది దొంగకోడి కానే కాదు అని అందరూ ఒకే గొంతుతో చెప్పారు. దొంగకోడే అయితే వాళ్ళు దొంగసొత్తు తిన్నవాళ్ళు అవుతారు మరి. విచారణ లేకుండానే తీర్పు వచ్చేసింది. సుగుణమ్మ వాళ్ళ కడుపుల వైపు చూసి, ‘తీర్పు లోపల్నుంచి కూస్తోంది’ అంది.

అయ్యగారు ఏం చేయాలో తోచక మాస్టారి దగ్గరికి వెళ్ళారు. మాస్టారు ఎన్నాళ్ళ నుంచో ఆ పిలుపు కోసమే ఎదురుచూస్తున్న మనిషి. మడత నలగని పంచె కట్టుకుని వచ్చి, కోడితో సంబంధం ఉన్న ఎవరూ కూర్చోకూడదన్నారు. కొందరు తమకి ముక్క పడలేదని, పులుసు మాత్రమే పోసుకున్నామని వాదించారు. పులుసు కూడా లాభమేనన్నారు మాస్టారు.

చివరికి ఊళ్ళో ఆ కోడి అంటని పెద్దమనుషులు ఐదుగురే తేలారు. మాస్టారు, ఆయన మాంసం ముట్టరు. నేను, ఎందుకో చెప్పాను. దావీదు, పచ్చకామెర్లు వచ్చి పథ్యంలో ఉన్నాడు, మంచం మీదనుంచి లేపి తీసుకొచ్చారు. కోటమ్మ, ఆమెకీ ప్రకాశం భార్యకీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఐదోవాడు నాగూరు, ట్రాక్టరు డ్రైవరు, ఆరోజు మిరపకాయలు కుక్కిన టిక్కీ బస్తాలు వేసుకుని గుంటూరు యార్డుకి వెళ్ళాడు. ఒకరికి నియమం, ఒకరికి పొదుపు, ఒకరికి జబ్బు, ఒకరికి పగ, ఒకరికి బండి. దేశంలో ఎక్కడా జ్యూరీని ఇలా ఏరి ఉండరు.

ఒకే గోరు

బడి సెలవు రోజున బడి వరండాలో కూర్చున్నాం. ఊరంతా వచ్చింది. కళ్ళంలో మిరపకాయలు ఆరబోసి వచ్చాను, సాయంత్రానికల్లా వెళ్ళాలని ముందే చెప్పాను.

సుగుణమ్మని శాంతమ్మ ఎదుటే చెప్పమన్నాం. ఆమె కాలు చూపించింది. అప్పటికి అది ఎండి కట్టెపుల్లలా ఉంది. ‘నా పెట్టని నేను గుర్తుపట్టనా వదినా? ఈ గోరు నా చేత్తో నేను కత్తిరించా’ అంది నాతో.

శాంతమ్మ అంతవరకూ తల ఎత్తలేదు. ‘నా పెట్టకి కూడా నువ్వే కత్తిరించావు అక్కా’ అంది.

విషయం ఏమిటంటే, అంతకుముందు ఏడు సుగుణమ్మ తన కోడిని శాంతమ్మకి పాలికి ఇచ్చింది. కోడి ఒకరిది, పొదిగించి సాకేది ఒకరు, పిల్లలు చెరిసగం. పంచుకోబోయే ముందు పిల్లలన్నీ శాంతమ్మ గంప కింద ఉండగానే సుగుణమ్మ తన అలవాటు కొద్దీ అన్నిటికీ అదే గోరు కత్తిరించేసింది. అందులో చుక్కలవి రెండు. చెరొకటి తీసుకున్నారు. అప్పట్లో వాళ్ళిద్దరూ ఒకరు లేకుండా ఒకరు తలలో పేలు కూడా చూపించుకునేవాళ్ళు కాదు.

అంటే గోరు దేనికీ పనికిరాదు. ఇక మిగిలింది ఇద్దరి మాట. నా చుక్కల పెట్ట పండుగ దాకా నా ఇంట్లోనే ఉందని సుగుణమ్మ. నాది నా ఇంట్లోనే ఉంది, దాన్నే దేవుడికి ఇచ్చానని శాంతమ్మ. ఇద్దరూ నిజమే చెబితే పండుగ తర్వాత ఊళ్ళో ఇంకో చుక్కల పెట్ట ఉండాలి. లేదు. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారని జనం గొణగడం మొదలుపెట్టారు. వాళ్ళ చూపులు ఎటున్నాయో చూశాను. అన్నీ శాంతమ్మ మీదే.

తలుపు వేశాక

మమ్మల్ని తరగతి గదిలోకి తోలి మాస్టారు గడియ పెట్టారు. జ్యూరీకి పెద్దగా తనే ఫోర్‌మన్ అని ప్రకటించుకున్నారు. పత్తి మిల్లులో ఉండే ఫోర్‌మన్ మనకెందుకండీ అని కోటమ్మ అడిగితే, నోరెత్తకుండా పిల్లల బల్ల మీద కూర్చోమన్నారు. మేమంతా ఆ పొట్టి బల్లల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం.

కోటమ్మ ముందు అందుకుంది. ఆమె సుగుణమ్మ పక్కింటి మనిషి. రోజూ సాయంత్రం చుక్కల పెట్ట సుగుణమ్మ గంప కిందికి దూరడం తన కళ్ళతో చూస్తున్నానని, అది సుగుణమ్మదే, శాంతమ్మది దొంగతనమే అని తేల్చేసింది. దావీదు అడ్డం తిరిగాడు. అతను శాంతమ్మ ఎదురింటివాడు. నెలనుంచీ వరండాలో మంచం మీద పడి ఉన్నాడు. రోజూ పొద్దున ఆ పెట్ట శాంతమ్మ గుమ్మంలో గింజలు తినడం చూస్తూనే ఉన్నానన్నాడు.

‘కామెర్ల కళ్ళకి అన్నీ చుక్కలే కనపడతాయిలే’ అంది కోటమ్మ.

‘పచ్చగా కనపడతాయంటారు గానీ చుక్కలుగా కనపడవు’ అన్నాడు దావీదు.

మాస్టారు బల్ల మీద కొట్టారు. చూసిన సంగతులు ఇక్కడ చెప్పకూడదు, బయట విన్నదాన్నే తూచాలి, గుంటూరు కోర్టులో అయితే ఇలాంటి జ్యూరీని ఇంటికి పంపేసేవాళ్ళు అన్నారు.

‘గుంటూరు జడ్జిగారికి శాంతమ్మ గుమ్మం ఎటుందో తెలీదు మాస్టారూ. మాకు తెలుసు. తెలిసిన దాన్ని ఎక్కడ దాచుకోమంటారు?’ అన్నాను.

నేను కోటమ్మ వైపు తిరిగి, పొద్దునపూట ఎప్పుడైనా చూశావా ఆ పెట్టని అని అడిగాను. పొద్దున్నే నీ ముఠాతోనేగా చేలోకి వచ్చేది, ఎక్కడ చూస్తా అంది. దావీదుని సాయంత్రం సంగతి అడిగాను. సాయంత్రమైతే జ్వరం వస్తుందని లోపలికి తీసుకెళ్ళిపోతారన్నాడు.

నాగూరు అంతవరకూ బల్ల మీద పిల్లలు చెక్కిన గీతల్ని గోటితో గీకుతూ కూర్చున్నాడు. తల ఎత్తకుండానే, ‘ఉన్నది ఒకటే పెట్ట మేస్త్రమ్మా. రెండోది పోయింది’ అన్నాడు.

పత్తి తీతలప్పుడు బాలవాడి మలుపులో ట్రాక్టరు వెనక్కి తిప్పుతుంటే చుక్కల పెట్ట చక్రం కింద పడిందట. ఎవరిదో తెలీదు. మా ఊళ్ళో కోడి పోతే దాని ఆసామి వీధిలో నిలబడి, తీసినవాడి ఏడు తరాల్ని పేరు పెట్టకుండా తిట్టడం ఆచారం. ఆ తిట్లు వింటే ఎవరిదో తెలుస్తుంది, వెళ్ళి చెప్పుకుందామని అనుకున్నాడట. తిట్లు రాలేదు. ఎవరూ తిట్టని కోడికి ఆసామి లేనట్టేగా అనుకుని ఊరుకున్నాడు.

చచ్చిన కోడిని ఏం చేశావు, పలావు వండుకున్నావా అంది కోటమ్మ.

‘హలాల్ చెయ్యకుండా చచ్చినదాన్ని మేం తినం కోటమ్మా, తెలిసి అడుగుతావేంటి. తుమ్మచెట్టు కింద పాతిపెట్టా’ అన్నాడు.

ఎవరూ ఎందుకు తిట్టలేదో అప్పుడు అర్థమైంది. తన కోడి పోయిందని ఇద్దరిలో ఎవరికీ తెలీదు. మిగిలిన ఒక్క పెట్టా పొద్దున శాంతమ్మ దగ్గర తిని, సాయంత్రం సుగుణమ్మ దగ్గర పడుకుంది. పగలు ఎక్కడో మేస్తుందిలే అని సుగుణమ్మ, రాత్రికి ఏ చెట్టో ఎక్కుతుందిలే అని శాంతమ్మ, ఇద్దరూ తమదేననుకున్నారు. ఏ ఒక్కరమూ ఆ సంగతి పూర్తిగా చూడలేదు. తలా ఒక ముక్క చూశాం. ఐదుగురు ఎందుకని ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను. ఐదు బుర్రలు ఒక బుర్ర కన్నా తెలివైనవని కాదు, మా బల్లల మీద కూర్చున్న బుర్రల్ని చూస్తే మీరే ఒప్పుకుంటారు. ఐదుగురు ఐదు వీధుల్లో నిలబడి ఉంటారు, అంతే.

మాస్టారి మాట నెగ్గిన చోటు

ఇక తలుపు తీసి చెప్పేద్దామని లేచాను. మాస్టారు గడియకి అడ్డంగా నిలబడ్డారు. తీర్పు చెప్పేవాడే సాక్షి అయితే, ఆ సాక్ష్యాన్ని అవతలివాళ్ళు ప్రశ్నించేది ఎలా, తలుపు వేసుకుని చెప్పిన మాట మీద తీర్పు చెబితే రేపు బయట ఎవరు నమ్ముతారు అన్నారు. నాగూరు జ్యూరీలోంచి లేచి, బయటికి వెళ్ళి, ఇద్దరి ముందూ చెప్పాలన్నారు.

ఆయన చెప్పింది నిజం. గుర్రాల కథ చెప్పే మనిషి నోట కూడా అవసరమైన మాట వస్తుంది, వినడం మానేయకండి.

నాగూరు మాత్రం బల్ల వదల్లేదు. ఇక్కడ చెప్పమంటే చెప్పాను, సుగుణమ్మ నోట్లో పడితే ఇక ఈ ఊళ్ళో ట్రాక్టరు తోలేదెలా అన్నాడు. ఆమె తిట్లు బాకీ ఉన్నాయిగా, ఇన్నాళ్ళకి వసూలు చేస్తుందని భయం.

‘నువ్వు చెప్పకపోతే శాంతమ్మ ఈ ఊళ్ళో ఉండేదెలా?’ అన్నాను.

లేచాడు. తలపాగా సర్దుకుని బయటికి వెళ్ళి, వరండా కింద ఎండలో నిలబడి, చక్రం దగ్గర్నుంచి తుమ్మచెట్టు దాకా అంతా చెప్పాడు. సుగుణమ్మ నోరు తెరిచింది. తిట్టడానికి అనుకున్నాం.

‘నా పెట్ట రోజు మార్చి రోజు గుడ్డు పెట్టేది’ అంది మెల్లగా.

‘నాదీ అంతే’ అంది శాంతమ్మ. ‘మేత చాలడం లేదేమోనని ఇంకో పిడికెడు వేసేదాన్ని.’

జనం నవ్వడం మొదలుపెట్టారు. ఆ కోడికి రెండిళ్ళు ఉన్నట్టు ఊరందరిలో దానికి ఒక్కదానికే తెలుసు. అది పిండిమర ప్రకాశం దేగిసాలో పడి పోయింది గానీ, బతికుంటే మండలం ఎలక్షన్లలో నిలబడేది. దావీదు ఆ మాట అన్నాడు, నేను కాదు.

తప్పు ఎవరు కట్టాలి

మిగిలిన నలుగురం మళ్ళీ లోపలికి వెళ్ళి, గడియ వేసుకుని, వేసుకున్నంతసేపు కూడా కూర్చోకుండా బయటికి వచ్చాం. దొంగతనం లేదు, శాంతమ్మ తన కోడి అనుకునే తెచ్చింది, ఆ కానుక ఇద్దరి పేరు మీదా దేవుడికి ముట్టింది అని మాస్టారు నిలబడి చదివినట్టు చెప్పారు. గుంటూరులో ఆయనని ఎవరూ నిలబడి చెప్పమని అడిగి ఉండరు.

అందరూ లేవబోతున్నారు. నిందేసినందుకు సుగుణమ్మ తప్పు కట్టాలని వెనకనుంచి ఎవరో అన్నారు. ఆమెచేత ఇంత కట్టించాలని ఒకరు, ఇంకా ఎక్కువని ఒకరు. ప్రకాశం అయితే ఆ డబ్బుతో ఇంకో పొట్టేలు తెద్దామన్నాడు. సుగుణమ్మ అప్పటికే కొంగుముడి విప్పుతోంది.

నేను శాంతమ్మని చూశాను. తప్పు లేదని నలుగురం తేల్చాం. ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. ఎందుకుంటుంది? పిల్లలు లేని బాలవాడికి ఆమె రేపు పొద్దున మళ్ళీ తాళం తీయాలి. మాట బయటికి వెళ్ళడానికి కాళ్ళు అక్కర్లేదు, వెనక్కి రావడానికి కావాలి.

‘డబ్బు ముడి వేసుకో సుగుణమ్మా’ అన్నాను. ‘నువ్వు పైసా కట్టొద్దు. రేపు పొద్దున నీ మనవరాలి చెయ్యి పట్టుకుని నువ్వే బాలవాడికి తీసుకురా. కోడలితో పంపొద్దు.’

విప్పిన ముడి ఆమె వేసుకోలేదు. ‘తప్పు కట్టమంటే కడతా వదినా. ఎంతైనా కడతా’ అంది.

కట్టడం ఆమెకి అంత తేలిక అనిపించినప్పుడే, నేను అడిగింది సరైనదని నాకు తెలిసింది. మీరు కూడా తీర్పు చెప్పేటప్పుడు ఇది చూసుకోండి. తప్పు డబ్బు అందరి ముందూ ఇచ్చేసి ఇంటికి పోయి, రేపటినుంచి మళ్ళీ అదే మాట అనుకోవచ్చు. తీర్పు ఊరి చెవిలో పడితే చాలదు, ఊరి కంట్లో పడాలి.

మర్నాడు పొద్దున

మర్నాడు నా ముఠాని బయల్దేరదీయడం ఆలస్యం చేశాను. చేను రైతు కబురు మీద కబురు పంపాడు. వస్తున్నామని చెప్పించి బాలవాడి మలుపులోనే నిలబడ్డాను. నా వెనక ఆడవాళ్ళంతా తలగుడ్డలు చుట్టుకుంటున్నట్టు నటిస్తున్నారు. వీధిలో తలుపులన్నీ ఓరగా ఉన్నాయి.

శాంతమ్మ లోపల పొయ్యి వెలిగించింది. ఒక్క పిల్ల కూడా లేదు, అయినా రోజూలాగే ఎసరు పెట్టింది.

చాలాసేపటికి సుగుణమ్మ వచ్చింది. మంచి చీర కట్టుకుంది. మనవరాలి చెయ్యి గట్టిగా పట్టుకుంది, ఆ పిల్లని పట్టుకున్నదో, ఆ పిల్లనే పట్టుకుని నిలబడ్డదో తెలీదు. మెట్టు దగ్గర ఆగింది. పిల్లకి ఇవేమీ పట్టలేదు. చెయ్యి లాక్కుని లోపలికి పరుగెత్తి, తను రోజూ కూర్చునే గోడ దగ్గర కూర్చుంది.

శాంతమ్మ గరిటె పక్కన పెట్టి పిల్లని చూసింది, తర్వాత మెట్టు వైపు చూసింది.

‘గిన్నె తేలేదేం అక్కా?’ అంది.

‘మర్చిపోయా’ అంది సుగుణమ్మ.

‘సరేలే. ఇక్కడుంది.’

శాంతమ్మ తన గిన్నె తీసి ఉప్మా పెట్టింది. సుగుణమ్మ ఇంటికి పోలేదు. పిల్ల తినేదాకా మెట్టు మీదే, వీధికి ఎదురుగా, అందరికీ కనపడేలా కూర్చుంది. ఎదురు వరుసలో ఒక తలుపు తెరుచుకుంది, తర్వాత ఇంకొకటి. పిల్లలు కళ్ళు నులుముకుంటూ వస్తుంటే సుగుణమ్మ మెట్టు మీద పక్కకి జరిగి వాళ్ళకి దారి ఇచ్చింది. మనవరాలు తినేశాక ఆ గిన్నె తీసుకుని, అడక్కుండానే బాలవాడి వెనక తొట్టి దగ్గరికి వెళ్ళి తనే కడిగింది.